మచ్చలు తీసిన చెయ్యి

చనిపోయి యాభై ఏళ్ళు దాటిన మా అమ్మ మొన్న నా మేనకోడలి ఫోన్లో కళ్ళార్పింది. తల కొంచెం పక్కకి వంచి, పళ్ళు కనిపించేలా నవ్వింది కూడా. తమ్ముడు శేషు బెంజ్ సర్కిల్ దగ్గర కొత్త ఫ్లాట్ కొనుక్కుంటే గృహప్రవేశానికని ఇంగ్లండులోని లీడ్స్ నుంచి వచ్చాను. వ్రతమూ భోజనాలూ అయి, చుట్టాలు పలచబడ్డాక, శేషు కూతురు హరిణి హాల్లో గోడకి తగిలించిన అమ్మ పటాన్ని ఫొటో తీసింది. పాత ఫొటోలకి ప్రాణం పోసే యాప్ ఏదో ఉందట, అందులో పెట్టింది. అరనిమిషం పట్టింది. యాభై దాటిన నా తమ్ముడు ఆ ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మరదలు పద్మ కళ్ళొత్తుకుంటూ, "చూడండి వదినా, అత్తయ్యగారు ఎంత కళగా ఉన్నారో!" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. నేను చూసి, "ఇది మా అమ్మ కాదు, తీసెయ్యండి" అన్నాను. గట్టిగానే అన్నాను. గుమ్మంలో చెప్పులేసుకుంటున్న వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు.

నాకు కోపం ఎక్కువని మా వాళ్ళందరికీ తెలుసు. విదేశాల్లో ఉండి ఉండి అలా తయారైందని కొందరు, బొమ్మలేసేవాళ్ళంతా అంతేనని కొందరు సరిపెట్టుకుంటారు. అసలు కారణం ఆ గోడ మీదే వేలాడుతోంది. ఆ పటంలో ఉన్నావిడ పచ్చటి పసిమిఛాయలో ఉంటుంది. మెడలో కాసుల పేరు, చెవులకి రవ్వల దుద్దులు, బుగ్గలు వెన్నముద్దలు. మా అమ్మ నలుపు. కాసుల పేరు సంగతి అటుంచి, మెడలో పుస్తెలతాడు కూడా పసుపుతాడే. ముఖం నిండా చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు, ఒక బుగ్గ మీద మాత్రం కందిగింజ పట్టేంత గుంట. పటంలో ఉన్నావిడని నేను ఎరుగుదును. ఆవిణ్ణి తయారుచేసింది నేనే, పదిహేనేళ్ళ వయసులో, ఒక బ్లేడు ముక్కతోనూ నాలుగు రంగుసీసాలతోనూ.

మేము అప్పుడు గుణదలలో, ఏలూరు కాలవకి దగ్గర్లో ఒక అద్దె వాటాలో ఉండేవాళ్ళం. నాన్న కాలవల ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో పెత్తనం మాత్రం నాయనమ్మదే. పొద్దున్నే అమ్మ బావి దగ్గర ముఖం కడుక్కుని పసుపు రాసుకునేది. ఎంత కడిగినా ఆ మచ్చల గుంటల్లో పసుపు కొంచెం మిగిలిపోయేది. నేను పక్కన కూర్చుని చూపుడువేలితో ఒక్కో గుంటా తుడిచేదాన్ని. ఆమె చేతులకి కరివేపాకు వాసన, చీరకి కట్టెపొయ్యి పొగ వాసన ఉండేవి. "చాల్లేవే, స్కూలుకి టైమవ్వట్లా?" అనేదే గాని ముఖం వెనక్కి తీసుకునేది కాదు. ఇంకెవరైనా తేరిపార చూస్తే మాత్రం కొంగు బుగ్గ మీదికి వచ్చేసేది. చుట్టాలొస్తే నాయనమ్మ ఆమెని వంటింట్లోంచి బయటికి రానిచ్చేది కాదు. మంచినీళ్ళు కూడా నాతోనే పంపేది. పెళ్ళిళ్ళల్లో అందరూ ఫొటోకి నిలబడుతుంటే, "నువ్వు పిల్లాణ్ణి పట్టుకుని కాస్త అటు నుంచో అమ్మా" అని ఎవరో ఒకరు అనేవారు, చాలా మర్యాదగా. ఆ మర్యాద గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. అలా బతికినన్నాళ్ళూ మా అమ్మకి ఒక్క ఫొటో లేకుండా పోయింది.

నాలుగు రోజుల జ్వరంతో పోయింది. శేషుకి అప్పటికి రెండేళ్ళు. పోయిన రోజు పొద్దున నాయనమ్మే గుర్తుచేసింది, "అయ్యో, కోడలికి ఫొటో అన్నా లేదురా, రేపు తద్దినానికి ఏం పెట్టుకుంటావు?" అని. గవర్నర్‌పేటలోని స్టూడియో నుంచి స్టాండు కెమెరాతో మనిషి వచ్చాడు. నాయనమ్మ తన పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టబెట్టింది. బతికుండగా ఆ చీర అంచు కూడా అమ్మ చేతికి తగల్లేదు. వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మెడ నిలవకపోతే వెనకనుంచి తువ్వాలు కట్టి పట్టుకున్నారు. ఇవి మా ప్రాంతంలో అప్పట్లో ఎవరూ వింతగా చూసిన పనులు కావు. ప్రతి ఊళ్ళోనూ ఇలా కుర్చీలో కూర్చోబెట్టి తీసిన ఫొటోలు ఉండేవి, గోడమీదికి ఎక్కేసరికి కళ్ళు తెరుచుకుని. ఆ కళ్ళు ఎవరు తెరిచేవారో ఎవరూ అడిగేవారు కాదు.

తెరిచేవాడు మేడ మీద గదిలో కూర్చునేవాడు. స్టూడియో పై అంతస్తులో ఫొటోలకి ఫినిషింగ్ చేసే ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. చెవి మీద ఒక బ్రష్షు, నోట్లో కిళ్ళీ, చేతిలో ఇంకో బ్రష్షు. గదినిండా ఫొటోలు కడిగే మందు వాసన. పెద్ద కర్మ దగ్గర పడుతోందని నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఎన్‌లార్జి చేసిన అమ్మ ఫొటో బల్ల మీద ఉంది. మాస్టారు నన్ను చూసి, "అమ్మాయ్, నేను మీ అమ్మని చూళ్ళేదు. కళ్ళు ఎట్టా ఉండేవో చెప్పగలవా?" అన్నారు. నాకు మాటల్లో చెప్పడం చేతకాలేదు. నాన్న జేబులో ఉన్న కవరు వెనక పెన్సిలుతో గీశాను. ఎడమ కన్ను కుడి కన్నుకంటే కొంచెం చిన్నది, రెప్ప మీద మడత. ఆయన కవరు దీపానికి దగ్గరగా పెట్టి చాలాసేపు చూశారు. కిళ్ళీ ఉమ్మేసి వచ్చి, తన కుర్చీలోంచి లేచి, సన్న బ్రష్షు నా చేతిలో పెట్టారు. అమ్మ కళ్ళు నేనే తెరిచాను. నేను చిత్రకారిణినైంది ఆ మధ్యాహ్నమే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఆ పటంలో నిజమైనవి ఆ రెండు కళ్ళే.

కళ్ళు తెరిచి, మచ్చలు మచ్చల్లాగే ఉన్న ఆ ఫొటోని ఇంటికి తీసుకెళితే నాయనమ్మ ఒక్క చూపు చూసి బోర్లించింది. "ఆ గుంటలేందిరా? పోయినాకైనా దానికి ఓ మంచి ముఖం ఇప్పించలేవా? పదిమందీ వచ్చి చూసేది. ఛాయ తీర్చమను. మెళ్ళో ఏవన్నా వెయ్యమను" అంది. నేను వద్దన్నాను. "మా అమ్మ ఇలాగే ఉంటుంది" అని అరిచాను. నాన్న నా వైపు చూడలేదు. తలుపు దగ్గరకి వెళ్ళి సైకిలు తాళం తీశాడు. ఆయన జీవితంలో ప్రతి ముఖ్యమైన ఘట్టంలోనూ అదే పని చేశాడు, సైకిలు తాళం తీయడం. ఆ ఒక్కరోజు ఆయన తల్లికి ఎదురుచెప్పి ఉంటే నేను ఇవాళ ఇదంతా రాయవలసిన అవసరం ఉండేది కాదు.

ఫొటో పట్టుకుని మళ్ళీ మేడ ఎక్కితే మాస్టారు మాత్రం కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు. ఎవరు వచ్చినా చివరికి అడిగేది అదేనట. "మొదలుపెట్టింది నువ్వే గదా, పూర్తి చెయ్యి" అన్నారు. నేను ఏడుస్తుంటే ఫొటోని బల్ల మీద తలకిందులుగా తిప్పి పెట్టారు. "ముఖం అని చూడకు. నలుపు, తెలుపు, అంతే. నల్లగా ఉన్నచోట బ్లేడు మొనతో పొర లేపు. తెల్లబడుద్ది. తెల్లబడ్డాక రంగు వెయ్యి. మేం చేసేదంతా ఇట్టాగే." ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ అలాగే తిప్పి చేస్తారు. ముఖం కనిపిస్తుంటే చెయ్యి వణుకుతుంది. మూడు రోజులు కూర్చున్నాను. కాసేపు తలకిందులుగా, ఎలా వస్తోందో చూసుకోవడానికి కాసేపు నిటారుగా, మళ్ళీ తలకిందులుగా. ఒక్కో మచ్చా గీకాను. ఆ పెద్ద గుంటకి సగం పూట పట్టింది. బ్లేడు కింద తెల్లటి పొడి లేచేది, ఊదేసేదాన్ని. చివర్న మాస్టారు ఫొటోని అద్దంలో చూపించి, "చెయ్యి తిరిగిందమ్మా నీకు. రేపట్నుంచి వస్తావా?" అని అడిగారు. నాకు సంతోషం కలిగింది. ఎవరినన్నా క్షమించగలనేమో గాని ఆ సంతోషాన్ని మాత్రం క్షమించలేను.

పెళ్ళయ్యేదాకా ఆ మేడ మీదే పనిచేశాను. స్కూలు ఫైనలు తర్వాత చదువు ఆగిపోయింది, ఇది ఆగలేదు. కంకిపాడు, ఉయ్యూరు, గుడివాడ వైపు నుంచి రైతులు తడిసిన కవర్లలో ఫొటోలు తెచ్చేవాళ్ళు. జీవితమంతా చొక్కా లేకుండా పొలం దమ్ములో, బురదలో తిరిగిన మనిషికి కోటు వేసేదాన్ని. చేతికి వాచీ పెట్టమనేవాళ్ళు. మాకున్న నమూనా మాస్టారి వాచీ ఒక్కటే, కాబట్టి కృష్ణా జిల్లాలో ఎన్నో ఇళ్ళ గోడల మీద పెద్దలందరి చేతికీ ఇవాళ్టికీ అదే వాచీ ఉంటుంది. నవ్వొచ్చే సంగతే. కాని ఆడవాళ్ళ ఫొటోలు వచ్చినప్పుడు నవ్వొచ్చేది కాదు. మొటిమ, పుట్టుమచ్చ, ఎత్తుపళ్ళు, నుదుటి మీద గాటు, అన్నీ తీసెయ్యమనేవాళ్ళు. ముసలమ్మ నుదుటి మీద గాటు తీయమన్న ఒకాయన్ని, "అదెలా తగిలిందండీ?" అని అడిగాను. "అవన్నీ ఇప్పుడెందుకమ్మా" అన్నాడు. తీసేశాను. ఒకసారి ఉండబట్టలేక మాస్టారితో దెబ్బలాడాను, ఇది అబద్ధం కాదా అని. ఆయన కోప్పడలేదు. "అబద్ధమే. పోయినవాళ్ళు వచ్చి చూసుకోరమ్మా, చూసుకునేది ఉన్నవాళ్ళే" అన్నారు. మంచి మనిషి. నాకు రేఖ పట్టడం, రంగు పలచన చెయ్యడం, వెలుగు ఎటునుంచి వస్తోందో కనిపెట్టడం నేర్పిన గురువు. ఆయన్ని ప్రేమించకుండా ఉండలేను, తిట్టకుండానూ ఉండలేను. నా పెళ్ళిసంబంధానికి పంపిన ఫొటోలో నా రంగు తీర్చింది కూడా ఆయనే, నన్ను అడక్కుండా, కానుకగా.

మా ఆయనకి లీడ్స్‌లో ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. అక్కడ నేను ఒక స్కూలు క్యాంటీన్‌లో పళ్ళాలు కడిగాను, రొట్టెలకి బటర్ రాశాను, సాయంకాలాలు మునిసిపల్ కాలేజీలో బొమ్మల క్లాసుకి వెళ్ళాను. మొదటివారం మా ఎదుట మోడల్‌గా కూర్చున్నది ఒక ముసలాయన, బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. ముఖం మీదా చేతుల మీదా నీలంగా గీతలు. తెగిన చోట బొగ్గుపొడి చేరి, చర్మం మూసుకున్నాక అలా నిలిచిపోతుందట. నేను నాకు తెలిసిన పని చేశాను. ముడతలు తీసేశాను, జుట్టు నల్లబరిచాను, ఛాయ తీర్చాను, నీలం గీతల జోలికే పోలేదు. క్లాసులో అందరికంటే ముందు నాదే పూర్తయింది. గర్వంగానే ఉన్నాను. టీచరు చూసి, "ఇది ఎవరు?" అంది. ముసలాయన కుర్చీలోంచి దిగి వచ్చి చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది. "నా మచ్చలేవి?" అన్నాడు. "ముప్ఫై ఏళ్ళు భూమిలో ఉండి తెచ్చుకున్నాను వాటిని. నువ్వెవరివి తీసెయ్యడానికి?" నా ఇంగ్లీషు అప్పటికి అంతంతమాత్రం, అయినా ప్రతి మాటా అర్థమైంది. ఒక మనిషి తన మచ్చలు తనకి కావాలని అడగడం నేను పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదటిసారి. మా అమ్మ కొంగు బుగ్గ మీదికి లాక్కునేది. ఈయన నా మీదికి దెబ్బలాటకి వచ్చాడు. బస్సులో ఇంటికి వెళుతూ దారంతా ఏడ్చాను. ఆ ఏడుపులో కూడా ఎక్కువభాగం కోపమే.

అప్పటినుంచి నా పద్ధతి మారిపోయింది. నేను బొమ్మ ఎలా వేస్తానని చాలామంది అడుగుతారు. మొదట మాస్టారు నేర్పినట్టే వేస్తాను, నున్నగా, అందంగా, వంక పెట్టడానికి లేకుండా. దానికి వారం పడుతుంది. బాగా ఆరనిస్తాను. ఆ తర్వాత బ్లేడు తీసుకుని దాన్ని చెడగొడతాను. పైపొర గీకి, కింద ముందే వేసి ఉంచిన ముదురురంగు పైకి తెస్తాను. మేడ మీద మచ్చ పోవడానికి గీకాను, ఇప్పుడు మచ్చ రావడానికి గీకుతాను. నలభైకి పైగా వేశాను, అన్నీ ఒకే ఆడమనిషి ముఖం. గ్యాలరీల వాళ్ళు గోడ మీద చీటీ అతికిస్తారు, 'వలస వచ్చిన స్త్రీ, చెదిరిన అస్తిత్వం' అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నలభై ఏళ్ళుగా నేను ఇంకా వలస వస్తూనే ఉన్నానా? అది నా అస్తిత్వం కాదు, మా అమ్మ బుగ్గ. ఆ మాట చెబితే వాళ్ళు తల ఊపుతారు, రాసేది మాత్రం మళ్ళీ అదే. ప్రదర్శన మొదటిరోజు చీర కట్టుకు రమ్మంటారు. ఇక్కడికొస్తే మన వాళ్ళేమో శాలువా కప్పి, ఒక్క బొమ్మ వైపూ చూడకుండా, "దేవుళ్ళ బొమ్మలు కూడా వేస్తారాండీ?" అని అడుగుతారు. ఎవరిమీద ఎక్కువ కోపమో తేల్చుకోవడానికి నాకు సమయం చాలలేదు.

మొన్న శేషు ఇంట్లో ఇంత సంగతీ చెప్పాను. అందరూ వెళ్ళిపోయాక, పద్మ కాఫీ తెచ్చి ఇచ్చాక, సోఫాలో కూర్చుని మొదటిసారి తమ్ముడికి మొత్తం చెప్పాను, కుర్చీ, తువ్వాలు, పట్టుచీర, బ్లేడు. అన్నీ అయ్యాక, "ఆ పటం దించు, దాన్ని ఇంక గోడ మీద ఉంచకు" అన్నాను. ఆ రోజుల్లో ఛాయ తీర్చమని నాయనమ్మ నోరు తెరిచి చెప్పవలసి వచ్చింది, తీర్చడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఇప్పుడు ఆ యాప్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను తీర్చిన ఛాయ మీద అది ఇంకో రెండు పాళ్ళు తీర్చింది. హరిణి ముఖం చిన్నబుచ్చుకుంది. "సారీ అత్తా, నాకు తెలీదు" అంది. పిల్ల తప్పేముంది, అదే పని నేను పదిహేనేళ్ళప్పుడు చేశాను, తెలిసి చేశాను.

శేషు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. నాన్న లాగే లేచి ఎటైనా వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. "నువ్వన్నది నిజమే అక్కా. కానీ నువ్వు అమ్మని చూశావు. నాకు ఊహ తెలిసినకాడ్నించీ నేను దణ్ణం పెట్టుకుంది దానికే. పరీక్షలకి వెళ్ళేముందు దానికే, పెళ్ళిలో దానికే. నువ్వు దాన్ని అబద్ధం అంటే నాకింక ఎవరున్నారు చెప్పు?" అన్నాడు. పటం దించమని మళ్ళీ అడగలేదు. శేషు, "అత్త బొమ్మలు చూపియ్యవే హరిణీ" అన్నాడు కూతురితో. అది ఫోన్లో నా ప్రదర్శనల ఫొటోలు తీసి ఒక్కొక్కటే జరిపింది. పుట్టి ఇన్నేళ్ళకి మొదటిసారి మా తమ్ముడు నా పని చూస్తున్నాడు. కళ్ళద్దాలు పైకి నెట్టి, ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని, ఏ విమర్శకుడూ చూడనంత శ్రద్ధగా చూశాడు.

"అక్కా, ఇందులో పెద్ద మచ్చ ఎడంవైపుంది. ఇందులో కుడివైపుంది. దీంట్లో మళ్ళీ ఎడమ. అసలు అమ్మకి ఎటుండేది?"

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. అక్కడి వాళ్ళు దాన్ని వైవిధ్యం అన్నారు. వైవిధ్యం కాదు. ప్రతిసారీ ఈసారి గుర్తొస్తుందని మొదలుపెట్టేదాన్ని. బ్లేడు నా ఎడమచేతి వైపున కదిలినట్టు గుర్తు ఉంది, కాని అప్పుడు ఫొటో నిటారుగా ఉందో తలకిందులుగా ఉందో గుర్తు లేదు. నాన్న లేడు, నాయనమ్మ లేదు. మాస్టారూ లేరు. స్టూడియో ఎప్పుడో మూసేసి, నెగెటివులన్నీ పాతసామాన్లవాడికి వేసేశారు. అమ్మని చూసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్ని. శేషు నా ముఖంలోకి చూస్తున్నాడు, ఇంతసేపూ ఇంత అరిచిన మనిషికి ఆమాత్రం తెలియకుండా ఉంటుందా అన్నట్టు.

"కుడివైపు" అన్నాను.

"మనకి కుడివైపా, ఆవిడకి కుడివైపా?"

"ఆవిడకే! ఎన్నిసార్లు చెప్పాలి?" అని కసిరాను.

వాడు లేచి పటం దగ్గరకి వెళ్ళాడు. వేలు పైకెత్తి, ఒక్క క్షణం తడబడి, లెక్క చూసుకుని, అద్దం మీద అమ్మ కుడిబుగ్గ ఉన్నచోట పెట్టాడు. "ఇక్కడ" అని హరిణికి చూపించాడు. నేను వద్దనలేదు.